గుర్రం లేని సీమలో గుర్రపు చదువు

బందరు రేవులో పర్షియా గుర్రాలు దిగిన రోజులున్నాయి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కణ్ణుంచి అద్దకం బట్టలు అటు వెళ్లేవి, అటునుంచి పన్నీరు, ఎండుపళ్లు, గుర్రాలు ఇటు వచ్చేవి. 1630ల్లో బందరు హవల్దారుగా ఉండి, తర్వాత గోల్కొండలో చక్రం తిప్పి, చివరికి మొగలుల కొలువులో చేరిన మీర్ జుమ్లా కూడా మొదట ఈ దేశానికి ఒక గుర్రాల వర్తకుడి వెంట వచ్చినవాడేనని చరిత్రకారులు రాశారు. అయితే ఆ గుర్రాలు బందరులో ఆగలేదు. ఓడ దిగి గోల్కొండ దారి పట్టాయి. డెల్టా జనానికి మిగిలింది జట్కా గుర్రం. బందరు స్టేషన్లోనో గుడివాడ స్టేషన్లోనో రైలు దిగి జట్కా ఎక్కిన జ్ఞాపకం వయసు మళ్లినవాళ్లలో ఇంకా ఉంది. రిక్షా వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. ఆ తర్వాత ఆటో వచ్చి రిక్షానీ నెట్టింది. ఇప్పుడు ఈ వైపు గుర్రం కనబడాలంటే పెళ్లి ఊరేగింపన్నా జరగాలి, గుళ్లో బ్రహ్మోత్సవాలకి స్వామి అశ్వవాహనమన్నా ఎక్కాలి.

అలాంటి చోట ఒక తల్లి ఫోన్లో వీడియో చూస్తుంది. మెడ సరిగా నిలవని పిల్లాడు గుర్రం వీపు మీద కూర్చుని నవ్వుతుంటాడు. పిల్లాణ్ణి చంకనేసుకుని, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి పాఠం చెప్పే భవిత కేంద్రానికి వచ్చి, "ఇలాంటిది మన వైపు ఎక్కడన్నా ఉందా మేడమ్?" అని అడుగుతుంది. జవాబు ఒక్క ముక్క. బెంగళూరులో ఉంది, ఇంకొన్ని మహానగరాల్లో ఉంది. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో లేదు. ఆ ముక్కతో మాట అయిపోతుంది. అయిపోకూడదు. ఎందుకంటే ఆ వీడియోలో గుర్రంతో పాటు ఇంకా చాలా ఉంది. అందులో సగానికి పైగా గుర్రం లేకపోయినా మనకి దొరకాల్సినదే.

జాగ్రత్తగా చూడండి. గుర్రం ముందు కళ్లెం తాడు పట్టుకుని ఒకరు నడుస్తుంటారు. బిడ్డకి కుడి పక్క ఒకరు, ఎడమ పక్క ఒకరు, తొడ మీదో నడుం దగ్గరో చెయ్యి ఆనించి నడుస్తుంటారు. కాస్త ఎడంగా ఫిజియోథెరపిస్టు ఉంటారు. ఇరవై నిమిషాల నుంచి అరగంట సేపు నలుగురు పెద్దవాళ్లు, అందరి చూపూ ఆ ఒక్క బిడ్డ మీదే. మన పిల్లల్లో ఎంతమందికి, ప్రత్యేక అవసరాలు ఉన్నా లేకపోయినా, వారంలో ఒక్కసారైనా ఆ భాగ్యం ఉంది?

తకధిమి

గుర్రం చేసే పని తక్కువదని కాదు. నడిచేటప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, పక్కలకి ఒరుగుతుంది, కొంచెం మెలి తిరుగుతుంది కూడా. మనిషి నడిచేటప్పుడు కటి భాగం కదిలే తీరూ ఇంచుమించు ఇదే. అంటే జీవితంలో ఒక్క అడుగూ వేయని బిడ్డకి కూడా నడక ఎలా ఉంటుందో నడుములోకి చేరుతుంది. గుర్రం నిమిషానికి వంద అడుగులు వేసిందనుకుంటే, ఇరవై నిమిషాల్లో రెండు వేల సార్లు ఆ చిన్న ఒళ్లు ఒక పక్కకి తూలి, మళ్లీ తనంతట తాను నిలదొక్కుకోవాలి. ఆసుపత్రి బల్ల మీద ఏ ఫిజియో అయినా అదే వ్యాయామం రెండు వేల సార్లు చేయించబోతే బిడ్డ ఏడుపు వీధి చివరిదాకా వినబడుతుంది. గుర్రం మీద అది ఆట.

ఇంకొకటి వెచ్చదనం. గుర్రం ఒంటి వేడి సుమారు 38 డిగ్రీల సెల్సియస్, మన ఒంటికంటే ఒక డిగ్రీ ఎక్కువ. జీను తీసేసి మెత్తటి పరుపు పరిచి కూర్చోబెడితే ఆ వేడి తొడల్లోకి ఎక్కుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కత్తెరలా పెనవేసుకుపోయిన కాళ్లు ఆ వేడికీ, ఆ ఊపుకీ మెల్లగా సడలుతాయి.

మూడోది లయ. మామూలుగా నడిచే గుర్రం నాలుగు గిట్టల్నీ ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా నేలకి తాకిస్తుంది. నాలుగు దెబ్బలు, తకధిమి. కాస్త ఉరికితే రెండు దెబ్బలకి మారుతుంది. దౌడుకి ముందు వచ్చే సాగుడు నడకకి మూడు దెబ్బలు, తకిట. ఇదే జిల్లాలో కూచిపూడి అనే ఊరు ఉంది. అక్కడ గురువు కర్రతో చెక్క మీద తాళం వేస్తుంటే పిల్లల కాళ్లు ముందుగా పట్టుకునేది ఈ నాలుగునే. ఆటిజం ఉన్న పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగడం, చేతులు అదే పనిగా ఆడించడం చూసి బంధువులు కంగారుపడతారు. చుట్టూ ఉన్న రొదలో తమని తాము కుదుటపరచుకోవడానికి పిల్లలు చాలాసార్లు చేసుకునే పని అది. వాళ్లు ఒంటరిగా వెతుక్కునే ఆ ఊపుని గుర్రం అడక్కుండానే ఇస్తుంది. పైగా అది మాట్లాడమని అడగదు. కళ్లలోకి చూడమనదు. నోటితో చెప్పలేని పిల్లాడు గుర్రం మెడ మీద చేత్తో తడితే అది కదులుతుంది. తాను చెప్పినది ఇంకొక ప్రాణికి అర్థమైందని వాడికి తెలిసే మొదటి సందర్భం అదే కావచ్చు.

హిప్పోథెరపీ అనే ఈ గుర్రపు వైద్యానికి ప్రపంచంలో పేరు తెచ్చింది డాక్టరు కాదు, ఒక రోగి. డెన్మార్క్‌కి చెందిన లిజ్ హార్టెల్‌కి 1944లో, గర్భిణిగా ఉండగా పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. వద్దన్నా వినకుండా మళ్లీ గుర్రం ఎక్కింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, డ్రెసాజ్ అనే స్వారీ పోటీలో మగవాళ్లతో పాటు ఆడవాళ్లనీ మొదటిసారి అనుమతించిన ఏడాది, వెండి పతకం గెలిచింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇంకొకరి చెయ్యి కావలసిన మనిషి అది సాధించింది. 1956లో మళ్లీ వెండే. ఆ తర్వాత ఐరోపాలో ఫిజియోథెరపిస్టులు గుర్రపుశాలల వైపు చూశారు. 1969లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వికలాంగుల స్వారీకి జాతీయ సంఘాలు ఏర్పడ్డాయి.

గుర్రం చుట్టూ చదువునే అల్లుదామన్న ఆలోచనకి ఊపు ఇచ్చినవాళ్లలో రూపర్ట్ ఐజాక్‌సన్ అనే రచయిత ఒకరు. ఆటిజం ఉన్న కొడుకుని తీసుకుని 2007లో మంగోలియాలో గుర్రాల మీద తిరిగాడు, ఆ యాత్ర మీద 2009లో 'ద హార్స్ బాయ్' అనే పుస్తకం రాశాడు. ఆయన పద్ధతిలో పెద్దవాళ్లు బిడ్డ వెనకే అదే జీనులో కూర్చుంటారు. అక్షరాలూ లెక్కలూ నల్లబల్ల మీద కాక నడకలో, చెట్ల మధ్య, ఆటలో వస్తాయి. కదలకుండా కూర్చోలేని పిల్లాణ్ణి కూర్చోబెట్టి చదువు చెప్పాలన్న పంతం ఎందుకు అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న నాకు నచ్చుతుంది. మంగోలియాలో భూతవైద్యుల దగ్గరికి వెళ్లిన భాగం మటుకు మన మోపిదేవి మొక్కుల లెక్కలోది. నమ్మినవాళ్లకి అది వేరే బలం, దాన్ని వైద్యం కింద రాసుకోనక్కర్లేదు.

కొలతలు తీసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని కొలరాడోలో ఆటిజం ఉన్న 127 మంది పిల్లల మీద, ఆరు నుంచి పదహారేళ్ల వాళ్ల మీద, చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఒక జట్టు పది వారాలు గుర్రం ఎక్కింది. రెండో జట్టు అదే పది వారాలు గుర్రాల గురించి నేర్చుకుంది కానీ ప్రాణమున్న గుర్రాన్ని ముట్టలేదు. ఎక్కిన జట్టులో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయి. మాటలు, నలుగురితో కలవడం కొంత పెరిగాయి. సెరిబ్రల్ పాల్సీలో కూర్చునే నిలకడ, నడుం పట్టు మెరుగవుతాయని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. ఈ అధ్యయనాల్లో ఎక్కడా ఆటిజం పోయిందని రాయలేదు. పోతుందని ఎవరైనా అమ్మజూపితే ఆ గుర్రం దగ్గరికి వెళ్లకపోవడం మంచిది.

నల్లరేగడిలో గిట్టలు

మరి ఒక గుర్రాన్ని తెచ్చి అవనిగడ్డలో కట్టేస్తే? డబ్బున్న దాతలు డెల్టాలో లేకపోలేదు. కొనడం తేలిక, నిలపడం కష్టం. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకి ఎనిమిది కిలోల దాకా ఎండుమేత కావాలి. మన దగ్గర వాములకొద్దీ ఉన్నది వరిగడ్డి. ఆవూ గేదే నెమరేసి దాన్ని అరిగించుకుంటాయి, గుర్రానికి ఆ పొట్ట లేదు. దానికి కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికే వస్తుంది. వానాకాలమంతా తడిసి ఉండే నల్లరేగడిలో గిట్టలు మెత్తబడి కుళ్లుతాయి. జోరీగల వల్ల సర్రా జబ్బు భయం ఉంది. ఆరేడు వారాలకొకసారి గిట్టలు చెక్కి నాడా వేసే మనిషి కావాలి. ఆ పని తెలిసినవాళ్లు జట్కాలతోనే పోయారు. పదమూడో శతాబ్దం చివర దక్షిణాది తీరం చూసిన మార్కో పోలో, ఇక్కడి రాజులు ఏటా బోలెడు ధనం పోసి గుర్రాలు కొంటారని, సాకడం తెలియక మాంసం కలిపి ఉడికించిన అన్నం పెట్టి చంపుకుంటారని రాశాడు. తమిళ తీరం గురించి అన్న మాట అది. కానీ కృష్ణ ముఖద్వారానికి దక్షిణాన ఉన్న మోటుపల్లి గురించీ రాసినవాడే ఆయన. గుర్రానికి పొడి నేల, గాలి, గడ్డి మైదానం ఇష్టం. డెల్టాకీ దానికీ పొత్తు ఎప్పుడూ కుదరలేదు.

అయినా అసలు ఖర్చు గుర్రం కాదు. ఆ నలుగురు మనుషులు.

ఇప్పుడు ఇక్కడ ఉన్నదేమిటో చూద్దాం. సమగ్ర శిక్ష కింద మండలానికో భవిత కేంద్రం. చాలాచోట్ల ఏ హైస్కూలు ఆవరణలోనో మండల వనరుల కేంద్రం పక్కనో ఒకటి రెండు గదులు. పిల్లలకి పాఠం చెప్పే సహిత విద్య రిసోర్స్ టీచర్లని అందరూ ఐఈఆర్‌టీలు అంటారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నవాళ్లు. ఒక ఆయా. వారంలో ఒక రోజు ఫిజియోథెరపిస్టు. గదిలో చాప, అద్దం, రంగు దిమ్మలు, పూసలు గుచ్చే పళ్లెం, నిలబడటానికి చెక్క చట్రం, కాన్పూరు అలిమ్‌కో సంస్థ శిబిరాల్లో ఇచ్చే సీపీ కుర్చీ. ఆ కుర్చీలో నడుముకి పట్టీ బిగించి కూర్చోబెడితే, ఇంతకాలం పడుకుని ఇంటి దూలాల్నే చూసిన బిడ్డ ఎదురుగా ఉన్న మొహాన్ని చూస్తుంది.

ఇక్కడ పాఠం అంటే అఆలే కాదు. బొత్తాం పెట్టుకోవడం పాఠం. గ్లాసు పట్టుకుని నీళ్లు తాగడం పాఠం. ఒకటికి వస్తోందని సైగ చేయడం చాలా పెద్ద పాఠం. ఆ పాఠం వచ్చిన రోజున ఆ ఇంట్లో తల్లి జీవితం మారిపోతుంది, బయటివాళ్లకి అందులో ఏముందో అర్థం కాదు. ఒక్కో బిడ్డకీ విడిగా లక్ష్యాలు రాసుకుని, ఏ నెలలో ఎంత వచ్చిందో పుస్తకంలో రాస్తారు. ప్రభుత్వ కార్యాలయాల్లో రాసే పుస్తకాల్లో ఇంతకంటే విలువైనవి తక్కువ. ఆ రాతకి పట్టే సమయాన్ని వేరే సర్వేలకీ ఆన్‌లైన్ నమోదులకీ లాక్కోవడం మాత్రం న్యాయం కాదు.

కేంద్రానికి రాలేని పిల్లలకి టీచరే ఇంటికి వెళ్తుంది. ఎక్కువగా శనివారాలు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్రమైన, బహుళ వైకల్యాలున్న పిల్లలకి ఇంటి దగ్గర చదువుని హక్కు చేసింది. గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో ఆ హక్కు స్కూటరెక్కి వస్తుంది. దివిసీమలో అంత తేలిక కాదు. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి చుట్టేసిన భూమి ఇది. నాగాయలంక దాటాక ఆ ద్వీపంలోనూ మళ్లీ ద్వీపాలున్నాయి. ఎదురుమొండికి పంటు ఎక్కి ఏరు దాటాలి. దానికవతల ఈలచెట్లదిబ్బ లాంటి చోట్లకి మళ్లీ పడవే. గాలి వీస్తే పంటు ఆగుతుంది. పంటు ఆగితే పాఠం లేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి లంక గ్రామాలు మునిగినప్పుడు జనం పశువుల్నీ పిల్లల్నీ పట్టుకుని గట్టెక్కారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఈ తీరమంతా తుపాను షెల్టర్లు లేచాయి, మంచిదే. కానీ గది మారితేనే అల్లాడిపోయే ఆటిజం పిల్లాడికి, వందల మంది కేకలూ చంటిపిల్లల ఏడుపులూ నిండిన షెల్టర్లో ఒక రాత్రి ఎలా గడుస్తుందో తుపాను ఏర్పాట్లు చూసే అధికారులు ఒకసారి వాళ్ల అమ్మల్ని అడగాలి. ఒక మూల గదికి దుప్పటి కట్టి వాళ్లకి వదిలేసినా చాలు.

చికిత్స కంటే ముందు, వైకల్యాన్ని శాతంలో చెప్పే సదరం ధ్రువపత్రం. అది లేనిదే పింఛను రాదు. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి ఆరు వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి పదిహేను వేలు. ఆ డబ్బు చాలా ఇళ్లలో బిడ్డకి గౌరవం తెచ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ పిల్లాడి గురించి అడగ్గానే ముందుగా వైకల్య శాతం చెప్పడం ఇళ్లలో అలవాటైంది. డెబ్బై అయిదు శాతం, తొంభై శాతం. మిగతా పాతిక, పది శాతంలో ఏముందో ఎవరికీ గుర్తుండదు. భవిత టీచరు పని మొదలయ్యేది ఆ మిగతా దాంతోనే.

గేదె వెంట

గుర్రం లేకపోతేనేం, గేదె ఉంది కదా అనే మాట ఎవరైనా అంటారు. నిజమే, గేదె వీపు ఎక్కి కాలవలోకి దిగని పల్లెటూరి బాల్యం ఈ డెల్టాలో తక్కువ. దాని ఒళ్లూ వెచ్చనే, దాని నడకా నిదానమే. కానీ ఇక్కడ కొంచెం ఆగాలి. "వీడికి చదువు రాదు, గేదెల వెంట పంపండి" అన్న మాటతోనే మన ఊళ్లలో తరాల తరబడి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని బడినుంచి తప్పించారు. పొద్దున్నే చద్దన్నం పెట్టి తోలేసేవాళ్లు. సాయంత్రం గేదెలు వచ్చాయా లేదా చూసేవాళ్లే గానీ వాడు ఆ రోజు ఏం నేర్చాడో చూసినవాళ్లు లేరు. బెంగళూరు మైదానంలో బిడ్డ జంతువుతో గడిపేది అరగంట, ఇక్కడ పిల్లాడు జంతువులతో గడిపింది పదేళ్లు. అయినా ఇక్కడిదాన్ని చదువు అనం, అక్కడిదాన్ని అంటాం. ఎందుకు? పక్కన నడిచే మనిషి లేడు గనక. ఈ వారం వాడు ఎడమ చేత్తో తాడు పట్టాడు, పోయిన వారం పట్టలేదు అని రాసుకునేవాళ్లు లేరు గనక.

ఇంటి పెరట్లో, అదే గేదె దగ్గర, ఆ మనిషి ఉంటే సంగతి వేరు. దూడకి గడ్డి పరక అందించడంలో చెయ్యి చాచడం, వేళ్లు విప్పడం, ఎదుటి ప్రాణి కోసం ఆగడం ఉన్నాయి. కుడితి తొట్టిలో చెంబుతో నీళ్లు పోయడంలో లెక్క ఉంది. ఒకటి, రెండు, మూడు చెంబులు, ఇక చాలు. ఆ "ఇక చాలు" చాలామంది పిల్లలకి నెలల పాటు రాదు. వేలితో రంగుని ముట్టడానికి కూడా ఒప్పుకోని పిల్లాడు దూడ మూతి తడి తగిలితే ఒక్కోసారి నవ్వుతాడు. ఇది హిప్పోథెరపీ కాదు, ఆ పేరు పెట్టి ఎవరినీ మోసం చేయకూడదు. గేదె వీపు మీద కూర్చోబెట్టడమూ వద్దు. అది పక్కకి దొర్లితే ఆపేవాళ్లుండరు, దానికి శిక్షణా ఉండదు. కానీ ఇంటికొచ్చే టీచరు ఆ పెరటినే తరగతి గదిగా వాడుకుంటే, ప్లాస్టిక్ జంతువుల బొమ్మల పెట్టె అక్కర్లేదు. దానికోసం ఆమెకి ఒక ఇంట్లో గంట సమయం ఉండాలి. రోజుకి అరడజను ఇళ్లు తిరగాల్సి వస్తే ఆ గంట దొరకదు.

చేతిపని కూడా చదువేనన్న ఈ ఆలోచనకి పరాయి దేశపు చిరునామా వెతకనక్కర్లేదు, బందరులోనే దొరుకుతుంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. నోబుల్ కాలేజీ డిగ్రీలతో గుమాస్తాలు తయారవుతున్న ఊళ్లో, వడ్రంగం, నేత, చిత్రలేఖనం పాఠాలుగా నేర్పిన బడి. ప్రమోదకుమార్ చటర్జీ అక్కడ బొమ్మలు వేయడం నేర్పారు, ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. ఇక మొవ్వ దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య. జెండా వెంకయ్యగానే మనకి తెలిసిన ఆయన అదే కళాశాలలో వ్యవసాయం, చరిత్ర చెప్పడమే కాక పిల్లలకి గుర్రపు స్వారీ నేర్పేవారని ఆయన జీవిత కథలు చెబుతాయి. అంటే నూరేళ్ల కిందట బందరు బడిలో గుర్రం సిలబస్‌లో ఉంది. ఆ బడి నడిపినవాళ్ల మనసులో మానసిక వైకల్యం ఉన్న పిల్లలు ఉండి ఉండరు. కానీ చెయ్యి నేర్చుకున్నది కూడా చదువేనన్న వాళ్ల పట్టుదల ఇవాళ ఎవరికన్నా అవసరమైతే, అది ఈ పిల్లలకే.

ముఖ్యంగా పద్దెనిమిది దాటాక. అప్పటిదాకా భవిత ఉంటుంది, టీచరు వస్తుంది. ఆ తర్వాత పింఛను తప్ప ఏమీ లేదు. పదేళ్లు కష్టపడి బొత్తాం పెట్టడం, పూసలు గుచ్చడం, వరస తప్పకుండా నిలబడటం నేర్చుకున్న కుర్రాడు ఇరవయ్యో ఏట మళ్లీ అరుగు మీద కూర్చుంటాడు. బందరుని ఆనుకుని పెడనలో అద్దకం పని ఉంది. చెక్క దిమ్మ రంగులో ముంచి, గుడ్డ మీద ఒత్తి, మళ్లీ ముంచడం. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని ఉంది, గొలుసు కొక్కేలు కలపడం, రాళ్లు ఏరడం, పొట్లాలు కట్టడం. ఒకే పని మార్పు లేకుండా, విసుగు లేకుండా చేయడం ఆటిజం ఉన్న చాలామంది యువకులకి వచ్చిన విద్య. పక్కన నిలబడి నేర్పే ఒక మనిషిని ఆరు నెలలు ఇస్తే ఈ పనుల్లో కుదురుకోగలవాళ్లు ఉన్నారు. మానసిక వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. ఇలాంటి వృత్తి శిక్షణకి పద్ధతులూ పుస్తకాలూ తయారుచేసిన చోటు అది. సికింద్రాబాదుకీ చిలకలపూడికీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణమే దూరం.

మనుషుల లెక్క కొంచెం కదిలిందన్న మాట నిజం. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆ పైన ఎనిమిదో తరగతి దాకా పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని కేంద్రం 2022లో నిబంధన చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. పదికి ఒకరంటే గుర్రం పక్కన ఒక బిడ్డకి నలుగురున్న లెక్కకి చాలా దూరం. అయినా ఇన్నాళ్లూ ఉన్నదానికంటే దగ్గర. ఆ పోస్టుల్లో నాగాయలంకకీ కోడూరుకీ వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండానే విజయవాడ వైపు బదిలీ పెట్టుకోకుండా చూడగలిగితే ఇంకా దగ్గరవుతుంది. పంటు దాటి వెళ్లే టీచరుకి వేరే భత్యం ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంతా చదివాక కూడా, వేసవి సెలవుల్లో బెంగళూరు వెళ్లి ఒకసారి గుర్రం ఎక్కించి వద్దామనుకునే తల్లిదండ్రులు ఉంటారు, ఉండాలి కూడా. వాళ్లకి రెండు మూడు మాటలు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ అయితే ముందు మెడ ఎక్స్‌రే తీయించాలి. మెడ పైభాగంలో ఎముకల పట్టు వదులుగా ఉంటే గుర్రం ఊపు ప్రమాదం. మూర్ఛలు మందులకి లొంగకపోయినా, తుంటి కీలు తప్పి ఉన్నా, వెన్ను బాగా వంకర తిరిగి ఉన్నా డాక్టరు ఒప్పుకోనిదే ఎక్కించకూడదు. అక్కడికి వెళ్లాక గుర్రం జాతి, ఎత్తు, ఫొటోల గురించి కాదు అడగాల్సింది. ఫిజియోథెరపిస్టు ఎవరు, ఏం చదివారు, బిడ్డకి రెండు పక్కలా ఎవరు నడుస్తారు, తలకి హెల్మెట్ పెడతారా, ఏ లక్ష్యం రాసుకుంటారు అని అడగాలి. ఒక్క సవారీతో ఫలితం రాదు. ఆ 2015 అధ్యయనంలో పిల్లలు ఎక్కింది పది వారాలు. అన్ని వారాలు అక్కడ ఉండే వీలు లేకపోతే, అక్కడి థెరపిస్టు చేత కూర్చునే తీరు, నడుం వ్యాయామాలు కాగితం మీద రాయించుకుని వచ్చి భవితకి వారం వారం వచ్చే ఫిజియో చేతిలో పెట్టండి. పిల్లాడు అక్కడ గుర్రం మీద కూర్చున్న వీడియో ఉంటే అదీ చూపించండి. నడుం ఏ వైపు వాలుతోందో ఫిజియోకి అందులో స్పష్టంగా కనబడుతుంది.